చెలికత్తె లేని నాయకుడు

1

తెలుగు నవలానాయకులలో పెక్కండ్రు యువకులు. వారిలో పెక్కండ్రు దుఃఖితులు. గోపీచందు సీతారామారావును గూర్చియు, బుచ్చిబాబు దయానిధిని గూర్చియు, నవీన్ రవిని గూర్చియు జరిగిన చర్చలలో అసమర్థత, అంతర్ముఖత్వము, సంశయము, పలాయనము అను మాటలు తఱచుగ వినబడుచుండును. ఈ మాటలన్నిటికిని సమానమైన లక్షణ మొకటి కలదు. అవి దోషమును దుఃఖించువానియందే నిలుపును. అతడు చెప్పలేకపోయెను, అడుగలేకపోయెను, తేల్చుకొనలేకపోయెను అని క్రియలన్నిటికిని అతనినే కర్తగా చేయును. అతనిని పలుకరించినవారెవరు, అతడు చెప్పదలచినచో వినుటకు కూర్చున్నవారెవరు అను ప్రశ్న మన విమర్శలో అరుదు.

ఈ ప్రశ్నను పూర్వకావ్యముల నుండి తెచ్చి ఆధునిక రచనల ముందుంచుట ఈ వ్యాసోద్దేశము. ప్రబంధకవి తన నాయికకు దుఃఖముతోపాటు ఒక చెలికత్తెను గూడ నిచ్చెను. ఆధునిక రచయిత దుఃఖమును నిలిపి, చెలికత్తెను తొలగించెను. ఆ స్థానము ఖాళీయగుటచే కథాగతియందును, కథన శిల్పమునందును కలిగిన మార్పులను పరిశీలించినచో, మనము వ్యక్తి దౌర్బల్యమని పేర్కొనుచున్న దానిలో కొంత భాగము నిజమునకు శ్రోత లేమియని తేలును.

2

విరహవర్ణన మనగనే పఠితలకు కొంత విసుగు కలుగుట సహజము. చందనపుపూత, తామరాకుల పాన్పు, మలయానిల దూషణము, చంద్రోపాలంభము: ఇవి ప్రతి ప్రబంధమునను ఒకే వరుసలో వచ్చుచుండును. తరగతిలో వీనిని అష్టాదశ వర్ణనలలోని భాగముగ చెప్పి ముందునకు సాగుదుము. కాని ఈ సన్నివేశములందు ఉపచారములకన్న ఉపచారము చేయువారిని గమనించినచో వేఱొక విషయము కనబడును. చెలికత్తె చేయు పనులు మూడు. మొదట ఆమె గమనించును, పిదప అడుగును, ఆపైన ఆ మాటను తీర్పగలవారి చెంతకు కొనిపోవును. వసుచరిత్రమున గిరిక తాపమును కనుగొన్న మంజువాణి ఊరడించుటతో తృప్తిపడక వసురాజు కడకు వెళ్లినది. ప్రభావతీ ప్రద్యుమ్నమున శుచిముఖి యను హంసి ఈ మూడు పనులను ఒక వృత్తిగా నేర్చినదానివలె నెఱవేర్చును.

లాక్షణికులు చెప్పిన మన్మథావస్థల పట్టికను ఈ దృష్టితో మఱల చదువవలెను. ప్రసిద్ధమైన క్రమమున అవి చక్షుఃప్రీతి, మనస్సంగము, సంకల్పము, జాగరము, కార్శ్యము, అరతి, లజ్జాత్యాగము, ఉన్మాదము, మూర్ఛ, మరణము అని పది. సిగ్గు విడుచుట, అనగా నోరు తెఱచి చెప్పుట సాధ్యమగుట, ఇందు ఏడవది. నిద్ర లేకుండుట నాల్గవది, చిక్కిపోవుట ఐదవది, దేనియందును ఇచ్చ లేకుండుట ఆఱవది. నోటికంటె ముందుగ దేహము మూడుమారులు పలికినదన్నమాట. ఈ పట్టిక ప్రేమవిషయమునకే పరిమితమైనది. దీనిని వైద్యగ్రంథముగ భావింపరాదు. అయినను నేటి మనోవైద్యులు విషాదరోగమును గుర్తించుటకై నిద్రను, ఆకలిని, ఆసక్తిని గూర్చియే మొదట ప్రశ్నింతురు. తానై చెప్పునంతవఱకును వేచియుందమనువాడు ఏడవ అవస్థకై వేచియున్నాడు. ప్రబంధములోని చెలికత్తె నాల్గవ అవస్థయందే పాన్పు చెంతకు చేరును.

పదవ అవస్థను గూర్చి లాక్షణికులు పెట్టిన నియమము గమనింపదగినది. రసవిచ్ఛేదమునకు కారణమగును గావున శృంగారమున మరణమును వర్ణింపరాదనియు, మరణప్రాయమైన స్థితిని మాత్రమే చెప్పవచ్చుననియు సాహిత్యదర్పణకారుని మతము. ఇది రసమర్యాదకొఱకు చెప్పబడిన నియమమే. కాని దాని ఫలితముగ కావ్యమున చెలికత్తెకు సమయము మిగులుచున్నది. కథ తొమ్మిదవ మెట్టున ఆగి తీరవలెనన్నచో, ఆ లోపల నెవరో ఒకరు వచ్చి తీరవలెను.

ఈ విధానము మిక్కిలి నిపుణముగ రూపొందిన స్థలము నైషధము. శ్రీనాథుడు తెనిగించిన ఈ కథకు మూలమైన శ్రీహర్షుని కావ్యమున తృతీయ సర్గలో హంస దమయంతి మనస్సును తెలిసికొను ఘట్టము కలదు. ఆమె తన కోరికను సూటిగ చెప్పదు. ద్విజరాజు అను మాటకు చంద్రుడనియు రాజనియు అర్థమువచ్చునట్లు ఒకమారు, నలుని పేరు పదవిభాగమున దాగునట్లు మఱియొకమారు, శ్లేషలో పలుకును. హంసకు తెలియక కాదు. అయినను తెలియనట్లే నటించి, సందేహములు వెలిబుచ్చి, తుదకామెచే స్పష్టముగ చెప్పించును. శ్లేషను అలంకారముగ బోధించుట మనకు పరిపాటి. ఇట అది ఒక కన్యకు లోకభీతివలన కలిగిన భాష. రెండర్థములు గల మాటలో, కాదన్నచో వెనుకకు తీసికొనుటకు వీలుగల అర్థమొకటి ఎప్పుడును మిగిలియుండును. సహాయము కోరు యువజనులు మొదటిమాటను ఇట్లే చెప్పుదురు. తలనొప్పియందురు, చదువు సాగుటలేదందురు, ఊరికి పోయి రావలెనందురు. రెండవ యర్థమును విని, మొదటి యర్థముతోనే సంభాషణను సాగింపగల నేర్పు ఆ హంసకు కలదు.

చతుర్థ సర్గాంతమున విషయము తండ్రి వఱకు పోవును. దమయంతి మూర్ఛిల్లగ చెలుల కలకలము విని భీమరాజు అంతఃపురమునకు వచ్చును. మంత్రియు వైద్యుడును ఒకే వాక్యమును ఆయనతో పలుకుదురు. నలదము లేనిదే ఈమె తాపము తీరదని దాని భావము. వైద్యుని నోట నలదమన వట్టివేరు. మంత్రి నోట నలుని ఒసగునది. చరకసుశ్రుతుల పేళ్లు గూడ అందే ఇమిడి, వైద్యునకు శాస్త్రముగను, మంత్రికి చారుని నోట చక్కగ విన్న వార్తగను అర్థమిచ్చును. ఇంతటి చమత్కారము వెనుక ఒక గృహనీతి కలదు. కుమార్తె చెప్పలేని దానిని తండ్రి అడుగలేడు. ఆ యిద్దఱి గౌరవమును చెడకుండ నడుమ నిలిచి చెప్పువారు ఇద్దఱున్నారు. భీముడు కూతురిని నిలదీయలేదు, మందలింపలేదు, స్వయంవరము నిశ్చయించెను. శ్రీహర్షుని కల్పనలో దుఃఖము కూతురి నోటినుండి తండ్రి చెవికి సూటిగ పోవలెనను నిర్బంధమే లేదు.

3

ఈ పూర్వవిధానమును పొగడుటతో సరిపెట్టుకొనరాదు. దాని పరిమితులు స్పష్టములు. మొదటిది, చెలికత్తె రాజకన్యలకును, గంధర్వాప్సరసలకును కలదు. చెలికత్తెకు చెలికత్తె లేదు. మంజువాణికి ఒక రాత్రి నిద్ర పట్టనిచో అడుగువారిని కవి కల్పింపలేదు. రెండవది, చెప్పుకొనదగిన వ్యాధి యొక్కటే: ప్రేమ. ఆకలి, అవమానము, పరాజయము, ఇంటిలోని కలహము అను వానికి ప్రబంధమున పాన్పు లేదు, పన్నీరు లేదు. మూడవది, చెలులున్నంతమాత్రమున రక్షణ కలుగునను నమ్మకము లేదు. మనుచరిత్రమున ప్రవరుడు తిరస్కరించి పోయిన పిదప వరూథినిని సకియలు ఊరడింపకపోలేదు. అయినను, పూర్వమామెచే నిరాకరింపబడిన గంధర్వుడు ఆమె దుఃఖకారణమును తెలిసికొని, ప్రవరుని రూపముతో వచ్చి మోసగించెను.

ఈ చివరి విషయమును విడిచిపెట్టరాదు. మాయాప్రవరుడు వరూథిని వేదనను తెలిసికొన్నవాడే. అతని తెలివిలో లోపము లేదు. ఆ తెలివిని ఎవరి మేలుకై వినియోగించెనన్నదే ప్రశ్న. వేదన ఎఱిగినవాడెల్ల చెలికాడు కాడను నీతిని పెద్దన మనకిచ్చెను. ఆ నీతి అంతకంటె తీవ్రముగ వ్యక్తమగుటకు గురజాడ రావలసివచ్చినది.

4

కన్యాశుల్కమును (1897, పునారచితము 1909) వితంతు వివాహము, కన్యావిక్రయము, వేశ్యాసమస్య అను దృష్టులతో చదువుట వాడుక. మొదటి అంకమున ఇంకొక చిన్న కథ కలదు. పరీక్ష తప్పిన ఒక బాలుడు తండ్రి కోపమునకు వెఱచి ఇంటికి పోవ జంకుచుండును. వెంకటేశము మనకు హాస్యపాత్ర. నవ్వవలసిన చోట్ల నవ్వుదుము. కాని ఆధునికాంధ్ర సాహిత్యమున పరీక్ష తప్పి, ఆ మాటను ఇంట చెప్పలేక నిలిచిన విద్యార్థులలో ఇతడు తొలితరమువాడు. అతని భయమును మొదట కనిపెట్టినవాడు గిరీశము. అప్పులవారి బెడదతో ఊరు విడువవలసియున్న గిరీశమునకు ఆ భయమే కృష్ణరాయపురాగ్రహారమునకు రాజమార్గమైనది. చెలికత్తె చేయు మూడు పనులను అతడు చేసెను: గమనించెను, అడిగెను, ఇంటికి కొనిపోయెను. అన్నియు తన పనికే.

ఆ ఇంట జరిగిన ఇంగ్లీషు సంభాషణ ప్రహసనము సుప్రసిద్ధము. తల్లి ముచ్చటపడి వినగోరగ, గురుశిష్యులు అర్థముతో పనిలేని ఇంగ్లీషు ముక్కలను ఒకరికొకరు అప్పగింతురు. ఇట ఆ బాలుని స్థితిని గూర్చి యోచింపవలెను. తనకేమి జరిగినదో చెప్పుకొనదగిన తెలుగు అతనికి వచ్చును. దానిని వినువారు లేరు. ఏమియు చెప్పజాలని ఇంగ్లీషును వినుటకు ఇంటిల్లిపాది కూడియున్నారు. బిడ్డ గొంతును వినుచు, బిడ్డను వినని ఇంటికి ఇంతకంటె నిశితమైన చిత్రము మన సాహిత్యమున లేదనిన అతిశయోక్తి కాదు.

బుచ్చమ్మ కథయు నిట్టిదే. బాలవితంతువైన ఆమెకు ఇంట తల్లి కలదు, తండ్రి కలడు, తమ్ముడు కలడు. ఆమె మనస్సున నేమున్నదో తెలిసికొను కుతూహలము కనబఱచినవాడు మాత్రము గిరీశ మొక్కడే. ఆ కుతూహలము వంచనయని పాఠకునకు తెలియును. ఆమెకు అది జీవితమున మొదటి పలుకరింపు. గిరీశమును తిట్టుట సులువు. అతడు కూర్చుండిన పీట ఖాళీగ నుండుటకు కారకులైన వారిని గూర్చి నాటకము మౌనముగ అడుగుచున్నది.

5

తెలుగువాని సామెతలలో ఈ విషయమై ఒక విచిత్రమైన వైరుధ్యము కలదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందుము. ఇంటిగుట్టు లంకకు చేటందుము. కడుపు చించుకొన్న కాళ్లపై పడునందుము. మొదటి సామెత నోరు తెఱువుమనును. తక్కిన రెండును మూయుమనును. ఆధునిక నవలానాయకుడు ఈ సామెతల నడుమ పెరిగినవాడు.

బుచ్చిబాబు చివరకు మిగిలేది (1946) నవలలోని దయానిధి దీనికి స్పష్టమైన ఉదాహరణము. తల్లిని గూర్చి లోకము చెప్పుకొను మాట అతనిని జీవితమంతయు వెన్నాడును. ఆ మాట నిజమా యని అడుగుటకు వీలులేదు. అబద్ధమని వాదించుటకు వీలులేదు. బాధించుచున్నదని చెప్పుటకు అసలే వీలులేదు. తన దుఃఖమును చెప్పినచో తల్లి అపకీర్తిని తానే చాటినట్లగును. కడుపు చించుకొనుట యనగ నిదియే. అతని చుట్టును స్త్రీలు, మిత్రులు, బంధువులు కలరు, సంభాషణలకు కొదువలేదు. అతడు స్వయముగ వైద్యుడు. ఇతరుల నాడి చూచువాడు. దయానిధికి ప్రేమింపజాలని జబ్బు ఉన్నదని చెప్పి ఊరకుండుట విమర్శకు చాలదు. ఆ ప్రేమకు ముందు చెప్పుకొని తీరవలసిన మాట యొకటి గొంతులో అడ్డుపడియున్నది. దానిని వెలికితీయగల హంస ఆ నవలలో లేదు.

గోపీచందు అసమర్థుని జీవయాత్రలో సమస్య వేఱు. సీతారామారావు మాటలాడనివాడు కాడు. వాదించును, నిందించును, సిద్ధాంతములు చేయును. రామయ్యతాతవంటి వివేకియగు పెద్ద అతనికి అందుబాటులోనే కలడు. అనగా శ్రోత కలడు. ఉన్నను లాభము లేకపోయెను. నా వాదమునకు ఇది ఎదురుగ నిలుచు సాక్ష్యము గావున దీనిని దాటిపోరాదు. సీతారామారావు పెరిగినది దాతల ఇల్లు. వంశప్రతిష్ఠను నిలుపవలెనను బరువు అతని తలపై మోపబడినది. ఇచ్చుట నేర్పిన ఆ ఇల్లు అడుగుట నేర్పలేదు. ఆస్తి పోయిన పిదప అడుగవలసిన స్థితి వచ్చినపుడు, అడుగుట అతనికి మరణముకంటె హీనముగ తోచినది. అందుచే అతని వేదన ప్రశ్నగ రాక వాదముగ వచ్చినది. వాదమునకు ఎదుటివాడు సమాధానము చెప్పును, అది సహజము. వాదము వెనుక నున్నది సమాధానముతో తీరునది కాదు. తుదకు లాక్షణికులు వర్ణింపరాదన్న పదవ అవస్థ వఱకును గోపీచందు కథను నడిపెను. ఆ ముగింపును నాయకుని అసమర్థతకు పరాకాష్ఠగ చదువుట పరిపాటి. అతని మాటలలో శ్లేషను గుర్తింపలేని లోకపు అసమర్థతయు అందు కలదు. శీర్షికలోని విశేషణము ఎవరికి చెందునో గోపీచందు తేల్చి చెప్పలేదనియే నా యభిప్రాయము.

నవీన్ అంపశయ్య (1969) మన విశ్వవిద్యాలయములకు మిక్కిలి సన్నిహితమైన నవల. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచున్న రవి యను గ్రామీణ విద్యార్థి జీవితములో ఒక్క దినము, ఉదయము మొదలు రాత్రి వఱకు, ఇందలి కథాకాలము. డబ్బు లేమి, చదువు, పరీక్షలు, ఊరి జ్ఞాపకములు, స్త్రీలను గూర్చిన తపన: ఇవి అతని చిత్తమున ఒకదానిపై నొకటి పడుచుండును. వసతిగృహము నిండ మిత్రులు. తరగతి నిండ సహాధ్యాయులు. దినమంతయు మనుష్యుల నడుమనే గడచును. అయినను ఆ దినమున అతడు అనుభవించినదానికిని, అన్నదానికిని నడుమ నున్న దూరమే ఈ నవలకు వస్తువు. భీష్ముడు అంపశయ్యపై నున్నపుడు చుట్టును కూడినవారందఱు ఆయన మాట వినుటకు వచ్చినవారు. రవి అంపశయ్య చుట్టును మనుష్యులున్నారు, వినవచ్చినవారు లేరు. శీర్షికలోని వ్యంగ్యము ఇందే కలదు.

6

శిల్పవిషయమున దీని ఫలితమును ఇక చెప్పవచ్చును. చైతన్యస్రవంతి పద్ధతి పాశ్చాత్య నవలా ప్రభావమున మనకు వచ్చినదని చెప్పుదుము, అది నిజమే. కాని పద్ధతి ఎట నుండి వచ్చినను, అది ఇట నిలద్రొక్కుకొనుటకు ఇచ్చటి అవసరము వలయును. నాయిక చెలికత్తెతో చెప్పినంతకాలము కవికి పాత్ర మనస్సులోనికి చొచ్చుకొనిపోవలసిన పని తక్కువ. సంభాషణయే ఆ పని చేసెను. సంభాషణ ఆగిపోయిన చోట అంతఃకథనము మొదలైనది. రవి ఎవ్వరితోను చెప్పనిదానిని మనము పుటలకొలది చదువుచున్నాము. చెలికత్తె కూర్చుండిన చోట నవలాకారుడు పాఠకుని కూర్చుండబెట్టినాడు.

అయితే ఈ క్రొత్త చెలికత్తెకు కాళ్లు లేవు. పాఠకుడు గమనింపగలడు, అడుగజాలడు, వార్తను కొనిపోజాలడు. మూడు పనులలో ఒక్కటే అతనికి దక్కినది. ఈ నవలలు ముగించినపుడు మనకు కలుగు ఉక్కిరిబిక్కిరి కేవలము నాయకుని దుఃఖమువలన కలుగునది కాదు. అంతయు తెలిసియు, పలుకరింపలేని స్థితిలో మనముండుటవలన కలుగునది. రచయిత ఈ స్థితిని పుస్తకమునకు వెలుపల వినియోగింపుమని మనకు విడిచిపెట్టెను.

7

పరిశోధన పత్రికలో ఈ చివరి మాటకు చోటున్నదా యను సంశయము కొందఱకు కలుగవచ్చును. 2022లో భారతదేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేర గణాంక సంస్థ ప్రకటించినది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు కోల్పోయిరి. విశాఖపట్టణమున పోటీపరీక్షకు చదువుచుండిన ఒక విద్యార్థిని 2023లో మరణించిన వ్యాజ్యమున, 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు 15 మార్గదర్శక సూత్రములను విధించినది. నూఱుమంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థయు అర్హతగల కౌన్సెలరు నొకరినైనను నియమింపవలెననుట వానిలో నొకటి. 2022 అక్టోబరు 10 నుండి టెలీమానస్ అను పేరుతో 14416 సంఖ్యపై ప్రభుత్వ సహాయవాణి పనిచేయుచున్నది. ఇవి అవసరములే. లోకము చెలికత్తె స్థానమును శాస్త్రీయముగ మఱల నెలకొల్పుటకు పూనుకొన్నది.

కాని ఆ స్థానమునకు పోవుటకు ముందు ఒక మెట్టు కలదు. సహాయవాణి అడిగినవానికి సమాధానమిచ్చును. ఏడవ అవస్థకు రాని విద్యార్థి దానికి ఫోను చేయడు. నాల్గవ అవస్థయందు అతడు మన తరగతిలో మూడవ బల్లపై కూర్చుండియుండును. హాజరు తగ్గును, వ్యాసము గడువు దాటును, అడిగినచో తలనొప్పియనును. మనము వరూథినీ విరహమును బోధించుచు, జాగర కార్శ్యారతులను నల్లబల్లపై వ్రాసి, పరీక్షలో వానిని వరుసగ వ్రాయుమని అతనినే అడుగుదుము. అతడు వ్రాయును. మార్కులు వేయుదుము.

విరహ ఘట్టమును బోధించునపుడు అలంకారములతోపాటు చెలికత్తె చేసిన పనిని గూడ బోధించుట, ఆధునిక నవలలను బోధించునపుడు నాయకుని అసమర్థతతోపాటు ఖాళీ పీటను గూడ చూపుట, ఇవి సాహిత్యవిమర్శకు వెలుపలి పనులు కావు. అవి పాఠ్యమునందే యున్నవి. పరీక్ష తప్పిన వెంకటేశమును గిరీశమునకు ముందే పలుకరించు ఉపాధ్యాయుని గురజాడ ఆ నాటకమున సృష్టింపలేదు. ఆ పాత్ర ఇంకను వ్రాయబడవలసియున్నది. దానిని వ్రాయుట రచయితల వంతు. అంతవఱకును నటించుట మన వంతని విజ్ఞులకు మనవి.